అద్దెవాళ్లను ఖాళీ చేయించే ముందు జాగ్రత్తలు

గొడవ ముదిరాక కాదు, నోటీసు ఇవ్వకముందే ఇవి చూసుకోండి.

• అగ్రిమెంట్ మళ్లీ మొదటినుంచి చదవండి. ముఖ్యంగా గడువు, నోటీసు ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి, అడ్వాన్సులో ఏం పట్టుకోవచ్చు. మీకు గుర్తున్నది ఒకటి, కాగితం మీద ఉన్నది ఇంకొకటి కావచ్చు.

• నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. కారణం, తేదీ రాసి ఇవ్వండి, అందినట్టు రుజువు దాచుకోండి.

• కరెంటు ఆపడం, నీళ్లు కట్టేయడం, వాళ్లు ఊళ్లో లేనప్పుడు తాళం మార్చడం, సామాను బయట పెట్టడం... ఎంత ఒళ్లు మండినా వద్దు. నెలల తరబడి అద్దె ఎగ్గొట్టినవాళ్లయినా సరే. న్యాయం మీవైపే ఉన్నా, ఆ ఒక్క పనితో కేసు మీ మీదికి తిరుగుతుంది.

• నోటీసు ఇచ్చాక అద్దె తెచ్చిస్తే, తీసుకునే ముందు లాయర్‌ని అడగండి. తీసుకుంటే నోటీసు వదులుకున్నారని వాదించే వీలుంది. చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

• మాట్లాడింది ఏదైనా మెసేజ్‌లో మళ్లీ పెట్టండి.

• తాళాలు తీసుకునే రోజు ఇద్దరూ కలిసి గది గదీ చూడండి, మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. వెలిసిన రంగు మామూలు అరుగుదల, పగిలిన సింకు వేరు. బిల్లు చూపించే కోత కోయండి, మిగతా అడ్వాన్సు ఇచ్చి సంతకం తీసుకోండి.