మూడు నెలలు ఆగి చేయించిన రెండో పరీక్ష

పెళ్లయి రెండేళ్లు దాటినా సంతానం కలగకపోవడంతో పరీక్షలన్నీ మొదట నా భార్యకే చేయించాము. వీర్య పరీక్ష సంగతి ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకు తోచినా నోరు విప్పలేదు. చివరకు చేయించుకుంటే మిల్లీలీటరుకు 90 లక్షల వీర్యకణాలే ఉన్నాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన దిగువ ప్రమాణం కోటీ 60 లక్షలు.

డాక్టరుగారు మందులు రాయకుండా ముందు నా దినచర్య అడిగారు. రోజుకు ఆరేడు సిగరెట్లు, అర్ధరాత్రి దాకా ఒడిలో ల్యాప్‌టాప్. వృషణాలు శరీరం కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాల తయారీ సక్రమంగా సాగుతుందనీ, ఒక కణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుందనీ, అందువల్ల నేడు మానిన సిగరెట్టు ఫలితం వచ్చే వారం కనిపించదనీ ఆయన వివరించారు. ఈ లెక్క తెలియకపోతే నెలకే విసిగి వదిలేసేవాడిని.

ల్యాప్‌టాప్ బల్లపైకి చేరింది. సిగరెట్లు మానడానికి ఐదు వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. కంచంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాము, సాయంత్రాలు ఇద్దరం కలిసి నడిచాము. బలానికని ఒక మిత్రుడు సూచించిన టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ ఇంజెక్షన్ కణాల ఉత్పత్తిని అణచివేస్తుందని తెలిసి దాని జోలికి పోలేదు. నా భార్య గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంది.

నాలుగో నెలలో చేసిన పరీక్షలో సంఖ్య 2 కోట్ల 10 లక్షలకు పెరిగింది. ఆ తర్వాత రెండు నెలలకు ఆమె నెల తప్పింది.