నీళ్ల బొంత కుట్టడం ఎలా?

వాతావరణ మార్పు గురించి కుట్టమంటే చాలామంది కన్నీళ్లు పెట్టుకునే భూమాతను కుడతారు. అది నాకు నచ్చదు. భారమంతా మళ్లీ ఒక ఆడమనిషి నెత్తిన పెట్టినట్టే కదా! మీ ఇంటికి ఈ ఏడాది నీళ్లు ఎలా వచ్చాయో, ఎవరు మోశారో కుట్టండి. చెన్నై పెరంబూరులో నేను నేర్పేది ఇదే.

ఏడాదికి 52 ముక్కలు, వారానికొకటి. మూడు నెలలకొక నిలువు వరస, వరసకు 13. పాత నేత చీరలు, లుంగీలు చాలు. రంగు దిగడం ఆగేదాకా నానబెట్టి, ఆరున్నర అంగుళాల చదరాలుగా కత్తిరించండి. కుట్టులో పోగా ఆరు మిగులుతుంది. కుళాయి నీళ్లొచ్చిన వారానికి నీలం, లారీ నీళ్లకు ఎరుపు, క్యాన్లు కొంటే పసుపు. 2018లో ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే 2019 జూన్‌కల్లా చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. ఆ ఏడాదిని కుట్టేవాళ్లకు రెండో వరసలో ఎరుపే ఎక్కువ పడుతుంది.

ముక్కలన్నీ కలిపాక మధ్యలో ఒక పాత చీర, కింద ఒకటి పరిచి పొడుగు టాకాలు వేయండి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఒక్కో ముక్క మీద, ఆ వారం ఇంటిపని రోజుకు సగటున ఎంతసేపో చూసి, పది నిమిషాలకొక కుట్టు వేయాలి. ఆడవాళ్లది తెల్లదారం, మగవాళ్లది నల్లదారం. లారీ కోసం వీధిలో కాచుకున్న సమయం కూడా పనే, వదలకండి.

2019 కేంద్ర ప్రభుత్వ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి పెట్టే సమయం రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లది 97. అంటే 30 కుట్లు, 10 కుట్లు. అంగుళానికి ఐదు కుట్లు పడితే తెల్లదారం ముక్క ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోతుంది. నల్లదారం రెండంగుళాల దగ్గరే ఆగుతుంది. ఖాళీగా ఉంది కదా అని అక్కడ పువ్వులు, లతలు వేయకండి.

నల్ల కుట్లు మగవాళ్లే వేయాలి. "మా ఆవిడ కుడుతుంది లెండి" అన్న ఒకాయనకు సూదిలో దారమెక్కించి చేతికిచ్చాను. కుట్లు వంకరపోయినా విప్పొద్దు.

ఒక్క ఏడాది కరువు చూసి అంతా వాతావరణ మార్పే అనలేం. చెరువులు పూడ్చి ఇళ్లు కట్టిన పాపం కూడా ఉంది. అందుకే ఏటా ఒకటి కుట్టి, వెనకవైపు సంవత్సరం, వీధి పేరు కాడకుట్టుతో వేయండి. ఏ నీళ్లకు ఏ రంగన్న లెక్క మాత్రం ఏ ఏడూ మార్చకండి.