పొట్టలో వేడి కీమో: ఇంటికి చేరాక ఏమరకూడని రోజులు

పొట్ట లోపలి అవయవాలను కప్పి ఉంచే పొరకు (పెరిటోనియం) పాకిన క్యాన్సర్‌కు చేసే హైపెక్ చికిత్సలో, కంటికి కనిపించే గడ్డలను వీలైనంతవరకు కోసి తీసేసిన తర్వాత, సుమారు 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన కీమో మందును గంట, గంటన్నర పాటు పొట్టలో తిప్పి, ఆపరేషన్ థియేటర్‌లోనే బయటికి తోడేస్తారు. మందు ఏదన్నదాన్ని బట్టి ఈ సమయం మారుతుంది.

‘వేడి’ అన్న మాటతోనే ఇళ్లలో చిక్కు మొదలవుతుంది. డిశ్చార్జి అయ్యాక ఒళ్లు కాలితే ‘మందు వేడి చేసింది’ అనుకుని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగిస్తూ రెండు రోజులు చూద్దామనుకుంటారు. ఆ వేడి థియేటర్‌లోనే పోయింది. మైటోమైసిన్ వంటి మందుల వల్ల తెల్లరక్తకణాలు వెంటనే కాక ఒకటి రెండు వారాలకు పడిపోయి ఇన్ఫెక్షన్ సోకవచ్చు. పేగును అతికిన చోట కుట్టు వదిలి లోపల చీము చేరినా జ్వరమే తొలి గుర్తు కావచ్చు. అందుచేత 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, జ్వరం లేకుండా చలి వణుకు పుట్టినా, అర్ధరాత్రి అని సంకోచించకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. చెప్పకుండా పారాసిటమాల్ వేస్తే ఆ గుర్తు కాస్తా మరుగున పడుతుంది. పొట్టలో చేరే ద్రవాన్ని బయటి సంచిలోకి తీసే డ్రెయిన్ గొట్టంతో ఇంటికి పంపితే, సంచిలోని ద్రవం రంగును రోజూ పగటి వెలుతురులో చూడండి. లేత పసుపులో ఉన్నది చిక్కబడినా, ఆకుపచ్చగా మారినా, దుర్వాసన వేసినా ఆలస్యం చేయకూడదు.

సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వాడినవారికి మూత్రపిండాలు, వినికిడి దెబ్బతినే ముప్పు ఉంది కనుక మూత్రం తగ్గడాన్ని, చెవుల్లో హోరును తేలిగ్గా తీసుకోకూడదు. నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలను సొంతంగా కొనకూడదు.

పేగుల కదలిక మందగించడం ఈ చికిత్స తర్వాత సర్వసాధారణమే అయినా, పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా, ఆకుపచ్చగా వాంతులైతే అది అత్యవసరం. ఇక పథ్యం సంగతి. పప్పు తింటే కుట్లు చీము పడతాయన్న నమ్మకంతో చారన్నంతోనే వారాలు గడిపిస్తారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులో, గుడ్డులో, పెరుగులోనే ఉన్నాయి. వైద్యులు అనుమతించాక వాటిని కొద్దికొద్దిగా, రోజుకు ఆరుసార్లయినా పెట్టాలి.

రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద చేసే ఇంజెక్షన్లను తరచుగా నాలుగు వారాల వరకు రాస్తారు. సూది పడినచోట చర్మం కమిలిందని ఆపవద్దు. ఒక కాలి పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తక్షణం వెళ్లాలి. ఊపిరితిత్తుల వ్యాయామానికి ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల గొట్టాన్ని ఇంట్లోనూ పీల్చాలి. దగ్గేటప్పుడు దిండును పొట్టకు అదుముకుంటే కుట్లు లాగవు. నీరసం రెండు మూడు నెలలు ఉండవచ్చు. ఇంట్లోవారు దాన్ని బద్ధకమనుకోకూడదు.

డిశ్చార్జి కాగితంలో ప్లీహం తీసేసినట్లు ఉందేమో చూసుకోండి. ఉంటే, ప్లీహం లేనివారికి ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువ కనుక, న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు ఎప్పుడు వేస్తారో అక్కడే అడిగి తేదీ రాయించుకోవాలి.