చిత్తడి నేల ఎండిపోతుంటే: కారణం ఎండలా, కాలువా?

రక్షిత ప్రాంతంలో ఏ తేడా వచ్చినా కొందరు వాతావరణ మార్పు ఖాతాలో వేస్తారు, కొందరు వానలు ఎప్పుడూ ఇంతేనని వదిలేస్తారు. రెండింటివల్లా నష్టమే. ముందు కొలవాలి.

సమస్య: చిత్తడి నేల ఏటా ముందే ఎండుతోంది

కారణం తేల్చడానికి 5 సెంటీమీటర్ల వ్యాసం, 1.5 మీటర్ల పొడవున్న పీవీసీ గొట్టాలు చాలు. కింది సగానికి రంధ్రాలు చేసి, మట్టి దూరకుండా గుడ్డ చుట్టి, నేలలోని నీరు బయటికి పోయేలా ఎప్పుడో తవ్విన పాత కాలువ నుంచి 2, 10, 30 మీటర్ల దూరంలో నిలువుగా పాతండి. 15 రోజులకోసారి గొట్టం అంచు నుంచి నీటిదాకా కొలిచి, నేలపైకి ఉన్న గొట్టం పొడవు తీసేయండి. ఈ తీసివేత మరిచిపోయి తప్పుడు లెక్కలు రాసుకునేవాళ్లే ఎక్కువ.

కాలువ పక్క గొట్టంలోనే నీరు బాగా దిగితే కాలువ లాగేస్తున్నట్టు. అన్నిట్లోనూ ఒకేలా దిగితే వాన లెక్క చూడండి. వాన తగ్గకపోతే ఆవిరి పెరిగి ఉండాలి, లేదా చుట్టుపక్కల బోర్లు తోడేస్తుండాలి. ఒక్క వేసవితో తీర్పు చెప్పకండి. వాననూ ఎండనూ 1991–2020 మధ్య 30 ఏళ్ల సగటుతో పోల్చండి.

పరిష్కారం: కాలువకు మెట్లుమెట్లుగా బంకమట్టి అడ్డుకట్టలు. కింది కట్ట నిలిపిన నీరు పై కట్ట అడుగును తాకాలి. కట్టను రెండు గట్లలోకీ కనీసం అర మీటరు చొప్పించాలి, లేకపోతే నీరు పక్కనుంచి దారి చేసుకుంటుంది. మొదటి పెద్ద వాన వెలిసిన వెంటనే వెళ్లి చూడండి: కట్ట చివర బురదరంగు నీరు సన్నగా కారుతోందంటే గండి మొదలైనట్టే, ఆ రోజే మట్టి దట్టించాలి. అసలు కారణం ఎండలే అయినా ఈ పని మానొద్దు. నిలిచిన ప్రతి అడుగు నీరూ అక్కడి జీవాలకు కొంత గడువు ఇస్తుంది.

సమస్య: గూళ్లున్నాయి, పిల్లలు దక్కడం లేదు

నెదర్లాండ్స్‌లోని హోగె వెలువె అడవిలో గొంగళిపురుగులు ముందే పుడుతున్నా, ఆఫ్రికా నుంచి వచ్చే ఓ వలసపిట్ట దాదాపు పాత తేదీకే చేరుతోందని గమనించారు. పిల్లలు పుట్టేసరికి వాటికి తిండి అయిన పురుగులు తగ్గిపోతాయి. వలస తేదీని మనం మార్చలేం, కానీ గడ్డిలోని గూళ్లు కోతలో పోకుండా గడ్డి కోసే తేదీని మార్చగలం. ప్రణాళికలో తేదీ కొట్టేసి ‘చివరి గూడు ఖాళీ అయ్యాక’ అని రాయండి. ఏటా ఒక ముక్క కోయకుండా వదలండి. వేర్వేరు సమయాల్లో చిగురించే చెట్లు కలిపి పెంచితే పురుగులు ఒక్కసారే పుట్టి అయిపోవు.

సమస్య: కాపాడాల్సిన జాతే వెళ్లిపోతోంది

అమెరికా జాతీయ ఉద్యానవనాల సేవాసంస్థ మూడు దారులు చూస్తుంది: మార్పుకు ఎదురు నిలవడం, దాన్ని ఒప్పుకోవడం, దాన్ని కొత్త దిశకు నడిపించడం. ఏ దారిని ఎప్పుడు వదలాలో ముందే అంకెల్లో రాసుకోండి. ఉదాహరణకు, కట్టలు సరిగ్గానే ఉన్నా వరసగా మూడేళ్లు నీటిమట్టం మీరు పెట్టుకున్న హద్దు దాటి దిగితే, ఆ జాతికి తడి నిలిచే మరో చోటు వెతకడం మొదలుపెట్టాలి.