డబ్ల్యూఎక్స్‌పైథాన్ సొంతంగా, 4వ పాఠం: వాటా వేరు, లోతు వేరు

డబ్ల్యూఎక్స్‌పైథాన్ అంటే పైథాన్ భాషలో విండోలు, బటన్లు కట్టే లైబ్రరీ. పోయిన పాఠం చేసినవాళ్లలో సగం మంది ఫిర్యాదు ఒక్కటే. "విండో తెరుచుకుంది గానీ పేరు పెట్టె, బాకీ మొత్తం పెట్టె, బటన్ అన్నీ ఎడమ మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి." తప్పు నాదే. విండోలో పరిచిన పలక ప్యానెల్, దాని మీద పెట్టెల్ని సర్దేది సైజర్. సైజర్‌లో అన్నీ చేర్చాక చివర్న ప్యానెల్.సెట్‌సైజర్(సైజర్) అని పిలవాలి. తెలిసిందేలే అని వదిలేశాను. అది పిలవకపోతే సైజర్ ఉన్నట్టే ప్యానెల్‌కి తెలీదు.

ఇంకొందరు బటన్‌కి పేరెంట్‌గా, అంటే దాన్ని తనలో పెట్టుకునే విండోగా, ప్యానెల్ బదులు సైజర్‌ని ఇచ్చి టైప్ఎర్రర్ తెచ్చుకున్నారు. సైజర్ విండో కాదు, కొలతలు వేసే మేస్త్రీ. మేస్త్రీ ఇల్లు కడతాడు గానీ అందులో కాపురం ఉండడు. పెట్టెలకీ బటన్లకీ పేరెంట్ ఎప్పుడూ ప్యానెలే.

లినక్స్‌లో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ డబ్ల్యూఎక్స్‌పైథాన్‌ని ఎంతసేపటికీ కంపైల్ చేస్తూనే ఉందన్నవాళ్లు దాన్ని ఆపేయండి. ఉబుంటులో ఆప్ట్‌తో పైథాన్3-డబ్ల్యూఎక్స్‌జీటీకే4.0 ప్యాకేజీ వేసుకుంటే చాలు.

వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన సైజర్‌తో విసిగి, ప్రతిదానికీ పిక్సెళ్లు లెక్కగట్టి పెట్టుకున్నారట. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉందట. ఆఫీసు మానిటర్‌కి తగిలించి స్కేలింగ్ 150 శాతం చేయగానే "బాకీ మొత్తం" కాస్తా "బాకీ మొ" అయింది. కాక మరేమవుతుంది? 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన, డబ్ల్యూఎక్స్‌పైథాన్‌కి పునాది అయిన డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ లైబ్రరీ పద్ధతే అది: వీలైనంతవరకు బటన్‌ని తాను గీయదు, ఆ సిస్టమ్ బటన్నే తెచ్చి పెడుతుంది. విండోస్‌లో ఒక కొలత, మ్యాక్‌లో కొకోవా కొలత, లినక్స్‌లో జీటీకే కొలత. వాటికి మన పిక్సెళ్లతో పనేముంది?

ఇక అసలు గోల. సైజర్‌లో ఒక్కొక్కటీ చేర్చే యాడ్‌లో మొదటిది ఆ పెట్టె, రెండోది ప్రపోర్షన్ అంకె. మూడోది ఫ్లాగ్, అందులో ఎక్స్‌పాండ్. ఈ రెండూ ఒకటేననుకుని, సాగకపోతే అంకెని 1 నుంచి 5కి, 5 నుంచి 50కి పెంచుకుంటూ పోతారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. బెంగళూరులో ఉన్నాం కాబట్టి సైట్ల భాషలో చెప్తాను. అడ్డం సైజర్ అంటే లేఅవుట్‌లో రోడ్డు. రోడ్డు వెంట ఎవరికెంత ముఖం వస్తుందో చెప్పేది ప్రపోర్షన్, అంటే వాటా. సైట్ వెనక గోడ దాకా కట్టారా లేదా అన్నది ఎక్స్‌పాండ్, అంటే లోతు. రోడ్డు ముఖం ఎంత పెంచినా లోతు పెరగదు. అందుకే అడ్డం సైజర్‌లో వాటా 50 ఇచ్చినా పెట్టె ఎత్తు అంగుళం కదలదు.

నిలువు సైజర్‌లో రోడ్డే తిరిగింది, పై నుంచి కిందికి. అక్కడ వాటా ఎత్తుని పంచుతుంది, ఎక్స్‌పాండ్ వెడల్పుని నింపుతుంది.

లెక్క చూడండి. అడ్డం 900 పిక్సెళ్లు ఉంది. బటన్‌కి వాటా 0, దాని సొంత వెడల్పు 100. ముందు అది తీసేయాలి. మిగిలిన 800ని వాటా 1 ఉన్నదానికీ, 3 ఉన్నదానికీ పంచితే 200, 600. ఇప్పుడు వాటా ఉన్నది ఒక్కటే అనుకోండి. 1 ఇచ్చినా 5 ఇచ్చినా మొత్తం 800 దానిదే. ఒక్కడే కొడుకైతే ఎన్ని వాటాలు రాస్తే ఏముంది, ఆస్తంతా వాడిదే. 50 రాసినవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

ఇదే గందరగోళానికి తమ్ముడు ఇంకోటుంది. బటన్ కుడి చివరికి పోవాలని అడ్డం సైజర్‌లో అలైన్‌_రైట్ పెడతారు. రోడ్డు వెంట ఎక్కడుండాలో తేల్చేది వాటాలే, అలైన్ కాదు. పాత వెర్షన్లు దాన్ని చూసీ చూడనట్టు వదిలేసేవి. 4.1 నుంచి అసెర్షన్ఎర్రర్ మొహాన కొడుతుంది. పాత పాఠాల్లోంచి ఎత్తుకొచ్చిన కోడ్ పగిలిపోయేది ఇందుకే. బటన్‌కి ముందు సైజర్.యాడ్‌స్ట్రెచ్‌స్పేసర్() అని ఖాళీకి ఒక వాటా ఇస్తే బటన్ తనంతట తానే చివరికి పోతుంది.

యాడ్‌లో నాలుగోది బోర్డర్, అంటే చుట్టూ వదిలే ఖాళీ. డబ్ల్యూఎక్స్.ఆల్ అనో, ఏ పక్కో ఫ్లాగ్‌లో చెప్పకపోతే అక్కడ 5 రాసినా వృథా. ఇంతకు మించి దాని గురించి చెప్పేదేం లేదు.

నేనైతే ఈ అంకెల వరస రాయనే రాయను. డబ్ల్యూఎక్స్.సైజర్‌ఫ్లాగ్స్(1).ఎక్స్‌పాండ్().బోర్డర్(డబ్ల్యూఎక్స్.ఆల్, 5) అని రాస్తాను. ఆర్నెల్ల తర్వాత తెరిచినా ఏది వాటానో ఏది లోతో చదవగానే తెలుస్తుంది. ఎవరి ముఖం ఎంతో కళ్లతో చూడాలంటే డబ్ల్యూఎక్స్.లిబ్.ఇన్‌స్పెక్షన్‌లోని ఇన్‌స్పెక్షన్‌టూల్‌ని షో చేయండి, విండోలో ఉన్నవన్నీ చెట్టులా విప్పి చూపిస్తుంది. (కోడ్‌ని నోటితో చెప్పినట్టు రాస్తున్నానని సణుగుతున్నారు. కాపీ కొట్టడానికి వీల్లేకుండానే రాస్తున్నాను.)

అభ్యాసం. మారతహళ్లిలో నేను తినే మెస్ నెల్లూరు అక్కది. పీజీ కుర్రాళ్ల బాకీలన్నీ ఇప్పటికీ నోటుపుస్తకంలోనే. "తమ్ముడూ, కంప్యూటర్లో ఎప్పుడు పెడతావ్?" అని నెలగా అడుగుతోంది. ఆ విండో మీరు కట్టండి. ఎడమ పేర్ల జాబితా, వాటా 1. కుడి వైపు టిఫిను, భోజనం, కట్టింది, వాటా 2. కింద అడ్డంగా ఒక వరస: ఎడమ మొత్తం బాకీ, కుడి చివర "రాసెయ్" బటన్. మూడు సైజర్లు పడతాయి, నాలుగైనా పర్లేదు. లోపలివాటిని బయటిదానికి యాడ్ చేయాలి. ప్యానెల్‌కి సెట్‌సైజర్ అన్నిటికంటే బయటిదానికి ఒక్కసారే. అలైన్‌_రైట్ కనపడకూడదు. బోర్డర్ తప్ప పిక్సెల్ అంకె ఒక్కటీ ఉండకూడదు. చివర్లో ఫ్రేమ్.ఫిట్() (ఫ్రేమ్ అంటే బయటి విండో), ఆ పైన ఫ్రేమ్.సెట్‌మిన్‌సైజ్(ఫ్రేమ్.గెట్‌సైజ్()). అప్పుడు విండో ఎంత కుదించినా "రాసెయ్" తెగదు. అక్క ల్యాప్‌టాప్ పాతది, తెర 1366×768. అందులో పట్టాలి.