బొంత మీద బొమ్మలు – మూడో పాఠం: చెరువులో గేదె

పోయినసారి 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల ఎత్తు ఉన్న పైగుడ్డ మీద ఆకాశం, అవతలి గట్టు, రెండు తాటిచెట్లు అతికించాం. తాటి మట్టలు సరిగ్గా రాలేదని మీలో చాలామంది విసుక్కునే ఉంటారు. విప్పి మళ్లీ కుట్టాలని మాత్రం కూర్చోకండి. దూరంగా ఉన్న చెట్టుకి మట్టలు విడివిడిగా కనిపించవు. గుండ్రటి తలకాయ ఒకటి, దాని కింద సన్నటి పీలిక ఒకటి ఉంటే అది తాడిచెట్టే. పైగా ఇవాళ దాని ముందుకి గేదె వస్తోంది. ఇక చెట్టు వైపు చూసేదెవరు?

మొదటి జంతువుగా గేదెనే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికి కాళ్లు కుట్టక్కర్లేదు. నవ్వకండి. గుడ్డతో జంతువును చేసేటప్పుడు ఏడిపించేవి కాళ్లే. అర అంగుళం వెడల్పున్న కాలు కావాలంటే అంగుళం గుడ్డ కోసి, రెండు పక్కలా పావు అంగుళం లోపలికి మడవాలి. మోకాలి దగ్గర ఆ మడత ఉబ్బుతుంది, గిట్ట దగ్గర పోగులు ఊడతాయి. మధ్యాహ్నం ఎండకి చెరువులో దిగిన గేదెతో ఈ గొడవేమీ లేదు. వీపు, మెడ, తల, కొమ్ములు ఉంటే చాలు, మిగతాదంతా నీళ్లలో ఉంటుంది. నేను మొట్టమొదట కుట్టింది మేక. నాలుగు కాళ్లూ నాలుగు రకాలుగా వచ్చాయి. ఇంట్లోవాళ్లు దాన్ని చాలాకాలం స్టూలు అనే పిలిచారు.

గీసే ముందు చూడాలి. దగ్గర్లో చెరువుంటే వెళ్లి చూడండి, లేకపోతే ఫోన్లో ఉన్న ఫొటో అయినా సరే. గేదె వీపుగీత దాదాపు తిన్నగా ఉంటుంది. ఆవుకీ ఎద్దుకీ ఉండే మూపురం దీనికి ఉండదు. వెనక తుంటి ఎముక దగ్గర మాత్రం చిన్న మిట్ట లేస్తుంది. ఆ మిట్ట పెట్టకపోతే అది గేదెలా కాక బోర్లించిన పడవలా కనిపిస్తుంది. నీళ్లలో ఉన్నప్పుడు ముక్కు మునగకుండా మూతిని పైకెత్తి ముందుకు చాస్తుంది. అందుకే కొమ్ములు వెనక్కి వాలి మెడ మీద పడుకున్నట్టుంటాయి. చెవులు కొమ్ముల కింద పక్కకి వేలాడతాయి. గుర్తుపెట్టుకోవాల్సినవి ఈ నాలుగే: తిన్నటి వీపు, తుంటి మిట్ట, ఎత్తిన మూతి, వాలిన కొమ్ము. ముర్రా గేదె జోలికి ఇప్పుడే పోకండి. దాని కొమ్ము చిన్న చుట్టలా మెలితిరిగి ఉంటుంది, అంత చిన్న చుట్టకి గుడ్డ మడత పడదు. కొడవలిలా సాగిన కొమ్ములున్న నాటు గేదె మనకి నయం.

ఇప్పుడు గుడ్డ. ఈ పాఠంలో అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

గేదె నలుపే కదా అని నల్లగుడ్డ తీసుకుంటే బొమ్మ చచ్చిపోతుంది. గాఢమైన నలుపు మీద ఏ కుట్టూ కనిపించదు. తల ఎక్కడైందో మెడ ఎక్కడ మొదలైందో తెలియక గుడ్డలో బొక్క పడినట్టుంటుంది. ఎండిన గేదె ఒంటిని చూడండి, బూడిదరంగుకీ గోధుమరంగుకీ మధ్యలో ఉంటుంది. తడిసిన చోటే నల్లగా మెరుస్తుంది. నా వరకూ గేదెకి పదేళ్లు వాడి వెలిసిపోయిన నల్ల లంగా గుడ్డని మించింది లేదు. మోకాళ్ల దగ్గర ఎక్కువ వెలిసి, మడతల్లో నల్లగా మిగిలి ఉంటుంది. వెలిసిన భాగం వీపు మీదికి, నల్లటి భాగం నీటి అంచుకి వచ్చేలా కోస్తే ఎండా తడీ రెండూ దానంతటవే వస్తాయి. రంగు వేసి ఇది తేవాలంటే చిత్రకారుడికి ఒక పూట పడుతుంది.

నీళ్లకి నీలం వద్దు. మన చెరువు నీలంగా ఉండదు. వానాకాలంలో ఎర్రమట్టి టీ రంగులో, మిగతా రోజుల్లో పాచిరంగులో ఉంటుంది. మాసిన ఆకుపచ్చ నేతచీర ఒకటి, దాని అంచులో సన్న గీతలుంటే ఇంకా మంచిది. ఆ గీతల్ని అడ్డంగా పెడితే అలలైపోతాయి. గేదె నీడకి పోచంపల్లి ఇక్కత్ ముక్క దొరికితే వదలకండి. నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి ఇక్కత్‌లో ఏ రంగుకీ పదునైన అంచు ఉండదు, ఒకదాంట్లోకి ఒకటి జారిపోయినట్టుంటుంది. నీళ్లలో నీడ కూడా అంతే కదా. పెడన అచ్చుల కలంకారీలో ఆకులున్న ముక్క ఉంటే అది ఒడ్డున తూటాకుకి వెళ్తుంది, ఆకుని మనం గీయక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. గంతకు తగ్గ బొంత అని మనం వెక్కిరింపుగా అంటాం గానీ ఈ పనిలో అది అక్షరాలా నిజం. పైన అతికే ముక్క, కింద ఉన్న గుడ్డ ఒకే మందంలో ఉండాలి. పల్చటి చీర మీద మందపాటి జీన్స్ గేదెను కుట్టారంటే రెండు ఉతుకులకే చుట్టూ ముడతలు లేస్తాయి. సిల్కు, పాలిస్టర్ కలపకండి. నూలు కుంచించుకున్నట్టు అవి కుంచించుకోవు. ఏ ముక్కనైనా ముందు ఒకసారి ఉతికి, ఆరేసి, తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. తెల్లగుడ్డకి రంగు అంటితే ఆ ముక్కని ఈ బొమ్మలోకి రానివ్వకండి. ఒకసారి ఎర్రటి చీర అంచు ముద్దొచ్చి పరీక్ష చేయకుండా వాడేశాను. మొదటి ఉతుక్కే పక్కనున్న కొంగ గులాబీరంగు ఫ్లెమింగో అయిపోయింది. పులికాట్ సరస్సు నుంచి ఎగిరొచ్చిందని చెప్పుకుని సర్దుకున్నాను.

పాత క్యాలెండర్ అట్ట మీద గేదె బొమ్మ గీయండి. తోక నుంచి మూతి దాకా 11 అంగుళాలు, నీటిమట్టం నుంచి వీపు దాకా 4 అంగుళాలు. ఒళ్లు ఒక ముక్క, తల ఒక ముక్క, కొమ్ములు రెండు, చెవి ఒకటి. లోపల పక్కటెముకలు, కండలు ఏమీ గీయకండి. బయటి గీత సరిగ్గా ఉంటే కన్ను మిగతాది పూరించుకుంటుంది.

కొలతలు కుదరలేదని, చెట్టుకన్నా గేదె పెద్దదైందని దిగులు వద్దు. అమెరికాలో హారియెట్ పవర్స్ అనే ఆవిడ ఉండేది. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. ఆమె కుట్టిన బొమ్మల బొంతల్లో రెండే ఇప్పటికి మిగిలాయి, ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో, రెండోది బోస్టన్ మ్యూజియంలో ఉన్నాయి. మొదటిదాన్ని 1886లో పత్తి సంతలో పెట్టింది, తర్వాత డబ్బు అవసరమై 5 డాలర్లకి అమ్ముకుంది. బోస్టన్‌లో ఉన్నదానిలో 15 గళ్లు. బైబిలు కథలతో పాటు 1833 నాటి ఉల్కల వాన ఉంది, జార్జియా నుంచి వర్జీనియా దాకా 500 మైళ్లు పరిగెత్తిన ఆడపంది ఉంది. ఆ పందికి బెట్స్ అని పేరు కూడా ఉంది. జంతువులకి లోపల వివరాలు దాదాపు లేవు, ఒట్టి ఆకారాలే. పెద్దాచిన్నా లెక్కలు పట్టించుకున్నట్టే కనిపించదు. అయినా ఏది ఏ జంతువో చూడగానే తెలిసిపోతుంది.

కోసేటప్పుడు అట్టని గుడ్డకి మంచివైపు పెట్టి, చుట్టూ సబ్బుముక్కతో గీత గీసి, గీత బయట పావు అంగుళం వదిలి కత్తిరించండి. నీటిలో ఉండే కింది అంచుకి మాత్రం అంగుళం వదలండి. దాన్ని మడవం, నీడగుడ్డ దాని మీదికి వస్తుంది. కొమ్ముల్ని తప్పకుండా క్రాస్‌గా, అంటే గుడ్డ పోగులకి ఏటవాలుగా కోయాలి. పడుగు వెంట గానీ పేక వెంట గానీ తిన్నగా కోసిన పీలిక వంగదు. ఏటవాలుగా కోసింది సాగుతుంది కాబట్టి కొడవలిలా తిరుగుతుంది. జాకెట్టు మెడపట్టీ కోసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అతికే వరుస మారకూడదు, వెనకున్నది ముందు. గట్టు కిందనున్న నీళ్ల ముక్క మొదట. దాని మీద అవతలి కొమ్ము, ఆ తర్వాత ఒళ్లు, తల, ఇవతలి కొమ్ము, చెవి. ఆపైన ఇక్కత్ నీడ, దాని పై అంచు గేదె కింది అంచుని కప్పేలా. చివరికి ముందున్న నీళ్ల ముక్క, దాని పై అంచుని కాస్త వంకరగా మడిచి నీడ అడుగుని కప్పాలి. ముందు గుండుసూదులు పెట్టి, తర్వాత పెద్ద పెద్ద టాకాలు వేసి, సూదులు తీసేయండి. సూదులతోనే కుడతానంటే దారం ప్రతిదానికీ చుట్టుకుంటుంది, వేలికి గుచ్చుకుంటుంది, ఎక్కడ లేని చిరాకూ వస్తుంది.

మడత విషయానికొస్తే, ముందే ఇస్త్రీ చేసి మడిచి పెట్టుకునే పద్ధతి ఒకటుంది. నాకది నచ్చదు, వంపులు కోణాలైపోతాయి. సూది మొనతోనే అంగుళం చొప్పున లోపలికి తోసి, బొటనవేలితో అదిమి, ఆ అంగుళం కుట్టి ముందుకు పోవడం మేలు. కుట్టు మామూలు హెమ్మింగే. కింద గుడ్డలోంచి పైకి వచ్చి మడత అంచులో ఒకటి రెండు పోగుల్నే పట్టుకోవాలి. మెడా తలా కలిసే చోట గుడ్డ లోపలికి వంగుతుంది. అక్కడ గీతకి రెండు పోగుల దూరం దాకా చిన్న కత్తెర గాటు పెట్టకపోతే మడత తిరగదు. తుంటి మిట్ట లాంటి బయటి వంపులకి గాటు వద్దు, మడతలోపల గుడ్డ కొంచెం తగ్గిస్తే చాలు. కొమ్ము మొన దగ్గర ముందు మొనని నేరుగా లోపలికి మడిచి, తర్వాత ఒక పక్క, ఆపైన రెండో పక్క మడవాలి. మొన మొద్దుగా వస్తే రానివ్వండి, ముసలి గేదె అనుకుందాం.

కన్ను కోసం తెల్లదారంతో ఒకే ఒక్క చిన్న కుట్టు, దాని పక్కన నల్లది ఒకటి. పెద్ద కన్ను పెడితే గేదె భయపడినట్టుంటుంది. దాని మొహంలో ఆ నిర్లక్ష్యం పోకూడదు.

గేదె ఉన్నాక వీపు మీద కొంగ లేకపోతే ఎలా? రెండంగుళాల కొంగ చాలు, పాత పంచె ముక్కతో. తెల్లగుడ్డ పల్చగా ఉంటే కింద గేదె నలుపు కనిపిస్తుంది, మడత లోపలి అంచు కూడా నీడలా తేలుతుంది. అందుకని పంచెని రెండు పొరలు పెట్టండి. కింది పొరని గీత మీదికే కోసి, పైదాన్ని దాని మీదుగా మడవండి. మెడ ఎస్ ఆకారంలో గుడ్డతో తెచ్చే ఓపిక నాకు ఎప్పుడూ లేదు, తెల్లదారంతో గొలుసుకుట్టు రెండు వరుసలు వేసేస్తాను. కాళ్లు, ముక్కు కాడకుట్టు.

ఇప్పుడు పొరలు. పైగుడ్డ కింద రెండు పొరలు మెత్తటి పాత నూలుచీర, అడుగున ఒక పంచె. నేల మీద పరిచి ముడతల్లేకుండా లాగి, మధ్య నుంచి అంచులకి అరచెయ్యి దూరానికో టాకా వేయండి. బెంగాల్‌లో కాంతా, అంటే పాతచీరల బొంత, కుట్టే ఆడవాళ్లు దారం కూడా పాత చీర అంచుల్లోంచే లాగి వాడేవారు. మనం మూడు పోగుల ఎంబ్రాయిడరీ దారం తీసుకుందాం.

బొంత కుట్టులో ఒక కిటుకుంది. కుట్లు దగ్గర దగ్గరగా పడినచోట గుడ్డ అణిగిపోతుంది, కుట్టు లేనిచోట ఉబ్బుతుంది. కాబట్టి నీళ్లంతా పావు అంగుళానికో వరుస చొప్పున అడ్డంగా కుట్టండి, గేదెని సమీపించగానే వరుసల్ని దాని చుట్టూ వంచండి. గేదె ఒంటి మీద మాత్రం వెన్ను వెంట ఒక్క వరుస, డొక్క దగ్గర రెండు. ఈ పని అయ్యేసరికి నీళ్లు కిందికి దిగి, గేదె పైకి లేస్తుంది. చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది. ఆకాశానికి అంగుళానికో వరుస చాలు. అంగుళానికి ఐదారు కుట్లు పడితే బాగా వస్తున్నట్టే, నాలుగే పడినా బొంత ఊడిపోదు.

పని రోజుకి గంట చొప్పున పది రోజులు పట్టొచ్చు. గేదెని ఒకే రోజు కూర్చుని పూర్తిచేయకండి, మెడ పట్టేస్తుంది. అంచు పట్టీ ఇప్పుడే వేయొద్దు, ఈ గేదె పక్కనే ఇంకో బొమ్మ చేరాలి.

వచ్చే పాఠంలో ఒంగోలు గిత్త. మూపురం, గంగడోలు, ఈసారి కాళ్లు కూడా. ఒక తెల్ల పంచె, పసుపుపచ్చ తువ్వాలు ఒకటి వెతికి పెట్టుకోండి. తువ్వాలుని రెండుసార్లు ఉతకండి.