కొత్త సర్ఫ్‌బోర్డు మాట వినడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఎనిమిది తొమ్మిది అడుగుల ఫోమ్ బోర్డు మీద అలను అందుకోవడం, లేచి నిలబడటం అలవాటైన తర్వాత ఏడడుగుల ఫైబర్‌గ్లాస్ బోర్డుకు మారినవారిలో చాలామందికి నిన్నటిదాకా వచ్చిన విద్య ఒక్కసారిగా రాకుండా పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి విద్య ఎక్కడికీ పోలేదు. కాస్త ముందుకు పడుకున్నా, ఆలస్యంగా లేచినా, పాదం నాలుగంగుళాలు పక్కన పడినా పెద్ద ఫోమ్ బోర్డు ఓర్చుకొని మనల్ని మోసుకుపోతుంది. పొట్టి బోర్డు అదే తప్పును అక్కడికక్కడే బయటపెడుతుంది. అందువల్ల ఆడలేక మద్దెల ఓడన్నట్టు బోర్డును నిందించే ముందు ఒక క్రమంలో పరీక్షించడం మంచిది. ముందుగా ఒడ్డు మీదే చూడగలిగినవి, తర్వాత బోర్డు మీద పడుకునే చోటు, ఆపైన పాడ్లింగ్ (పడుకొని చేతులతో నీటిని తోస్తూ ముందుకు సాగడం) మొదలుపెట్టే సమయం, ఆ తర్వాత పాదాలు చూసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

లేవగానే పాదం జారుతోంది

ఫోమ్ బోర్డు పైభాగం సహజంగానే గరుకుగా ఉంటుంది కాబట్టి చాలామంది దానికి వ్యాక్స్ (పాదాలకు పట్టు కోసం పూసే మైనం) అవసరం గుర్తించరు. గట్టి బోర్డు పైభాగం అద్దంలా నున్నగా ఉంటుంది. వ్యాక్స్ లేకుండా దాని మీద నిలవడం సాధ్యం కాదు. వ్యాక్స్ పూసినా జారుతుంటే, అది అక్కడి నీటి వేడికి తగినది కాకపోవచ్చు. చల్లని నీటి కోసం చేసిన మెత్తని వ్యాక్స్ వెచ్చని నీటిలో కరిగి జిడ్డుగా మారుతుంది; ఉష్ణమండల జలాల కోసం చేసినది చల్లని నీటిలో గట్టిపడి పట్టు ఇవ్వదు.

ముందుగా గట్టిగా ఉండే బేస్ కోట్ (అడుగు పొర) వ్యాక్స్‌ను చిన్న చిన్న వలయాలుగా రుద్దాలి. కొద్దిసేపటికి నున్నని ఉపరితలం మీద సన్నని గుళికలు లేవడం మొదలవుతుంది; ఛాతీ ఆనే చోటు నుంచి తోక (బోర్డు వెనుక కొన) వరకు ఆ గుళికలు సమంగా నిండిన తర్వాతే నీటి వేడికి తగిన వ్యాక్స్‌ను పైన తేలికగా పూయాలి. తర్వాతి రోజుల్లో ఆ పొర నునుపెక్కితే వ్యాక్స్ దువ్వెనతో అడ్డదిడ్డంగా గీతలు గీస్తే చాలు. సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో బోర్డు పైభాగాన్ని తాకకూడదు. వ్యాక్స్ బాగానే ఉన్నా పాదం జారుతోందనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఆ జిడ్డే.

తోక పక్కకు కొట్టుకుపోతోంది

ఫిన్‌లు, అంటే బోర్డు అడుగున తోక దగ్గర ఉండే చిన్న రెక్కలు, వదులుగా ఉండటమో, తారుమారుగా బిగించడమో దీనికి కారణం. పక్క ఫిన్‌లకు సాధారణంగా ఒక వైపు చదునుగా, రెండో వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది. చదునైన వైపు బోర్డు మధ్యరేఖ వైపు, ఉబ్బెత్తు వైపు బయటికి ఉండాలి. మధ్య ఫిన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. వేలితో ఊపి చూసినప్పుడు ఏ ఫిన్ అయినా కదిలితే దాని మరను బిగించాలి. అయితే బలవంతంగా బిగిస్తే లోపలి గాడి అరిగిపోతుంది. 1935లో అమెరికా సర్ఫర్ టామ్ బ్లేక్ బోర్డు అడుగున ఫిన్ అమర్చడానికి ముందు తోక జారడం సర్ఫర్లందరికీ తప్పని బాధగా ఉండేది. ఇప్పుడు ఎక్కువ బోర్డులకు కనిపించే మూడు ఫిన్‌ల అమరిక ఎంత మెరుగైనదో 1981లో పెద్ద పోటీల్లో గెలిచి చూపినవాడు ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్.

అల కింద నుంచి వెళ్లిపోతోంది, బోర్డు కదలడం లేదు

కొత్త బోర్డు మీద అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది ఇదే. దీనికి కారణాలు కూడా ఒకటికి మించి ఉంటాయి.

మొదట పడుకునే చోటు చూసుకోవాలి. అలలు లేని నీటిలో నెమ్మదిగా పాడ్లింగ్ చేస్తూ బోర్డు ముక్కును (ముందు కొనను) గమనించండి. అది ఆకాశం వైపు లేచి, తోక మునిగి, వెనుక నీరు సుడులు తిరుగుతుంటే మీరు మరీ వెనక్కి పడుకున్నారని అర్థం. అలా మునిగిన తోక నీటిని తోసుకుంటూ వేగాన్ని చంపేస్తుంది. ముక్కు కొన నీటికి రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తులో నిలిచే చోటు దొరికే వరకు కొద్దికొద్దిగా ముందుకు జరగండి. ఆ చోటు దొరికాక మీ గడ్డం బోర్డు మీద ఎక్కడికి వస్తోందో చూసుకొని అక్కడ వ్యాక్స్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటే, హడావుడిలోనూ ప్రతిసారీ అదే చోట పడుకోగలుగుతారు.

పడుకునే చోటు సరిగ్గా ఉన్నా అల అందకపోతే సమయాన్ని అనుమానించాలి. పొట్టి బోర్డుకు తేలే గుణం తక్కువ కాబట్టి అల వచ్చి తాకేసరికే అది మంచి వేగంలో ఉండాలి. అల ఇంకా కొన్ని మీటర్ల దూరంలో ఉండగానే మొదలుపెట్టి, దగ్గరయ్యేకొద్దీ చేతులను లోతుగా, బలంగా వేయాలి. తోక లేచినట్టు అనిపించగానే చాలామంది చేతులు ఆపేస్తారు. సరిగ్గా అక్కడే మరో రెండుసార్లు చేతులు బలంగా వేయాలి. ఫోమ్ బోర్డుతో అల అందుకున్న చోటు కంటే అల విరిగే చోటికి కాస్త దగ్గరగా కూర్చోవడమూ అవసరం, ఎందుకంటే పొట్టి బోర్డుకు కొంచెం నిటారైన వాలు కావాలి.

ఇవన్నీ సరిచేసుకున్నా ఫలితం లేకపోతే బోర్డు ఘనపరిమాణం చూడండి. చాలా బోర్డుల అడుగున మధ్యరేఖ పక్కన అది లీటర్లలో రాసి ఉంటుంది. ఇంకా నేర్చుకుంటున్నవారికి శరీర బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. డెబ్బై కిలోల మనిషి 35 లీటర్ల బోర్డు కొనుక్కుంటే మాత్రం తప్పు మద్దెలదే. దాని మీద ఎంత సాధన చేసినా ఒకటి రెండు అలలు దక్కడమే గగనం.

ముక్కు నీటిలోకి దిగబడుతోంది

ముక్కు ఎప్పుడు మునుగుతోందన్నది ఇక్కడ కీలకం. లేవకముందే మునిగితే మీరు ముందుకు పడుకున్నారు, లేదా అల నిటారుగా లేచాక ఆలస్యంగా బయలుదేరారు. లేచిన తర్వాత మునిగితే బరువంతా ముందు పాదం మీద పడుతోంది, లేదా లేచేటప్పుడు చూపు ముక్కు మీద నిలిచి తల వంగుతోంది.

మొదటి సందర్భంలో చాలామంది జానెడు వెనక్కి జరుగుతారు. దాంతో ముక్కు మునగదు గానీ అల కూడా అందదు; మళ్లీ ముందుకు జరిగితే మళ్లీ మునుగుతుంది. ఈ ఊగిసలాటలోనే వారాలు గడిచిపోతాయి. జరగవలసింది రెండు వేళ్ల మందమే. అంతకంటే ముఖ్యంగా ఛాతీని పైకెత్తి, అల మిమ్మల్ని ఎత్తే క్షణంలో ముక్కును నేరుగా కిందికి కాక అల విరుగుతూ సాగే వైపుకు కొద్దిగా తిప్పాలి. ఏటవాలుగా దిగే బోర్డుకు వాలు తగ్గుతుంది, ముక్కుకు ఖాళీ దొరుకుతుంది. పడిపోక తప్పనప్పుడు తలకిందులుగా దూకకుండా చదునుగా పడి, నీటిలోంచి పైకి వచ్చేటప్పుడు చేతులతో తలను కప్పుకోవాలి. చీలమండకు కట్టిన లీష్ (బోర్డును మీకు కలిపి ఉంచే తాడు) బోర్డును మీ మీదికే లాక్కొస్తుంది.

లేచిన వెంటనే పక్కకు ఒరిగిపోతున్నారు

లేచేటప్పుడు అరచేతులతో బోర్డు అంచులను పట్టుకోవడం దీనికి ప్రధాన కారణం. రెండు చేతుల బలం ఎప్పుడూ సమానంగా ఉండదు కాబట్టి బోర్డు ఒక వైపుకు వాలుతుంది. అరచేతులను పక్కటెముకల దగ్గర బోర్డు మీద చదునుగా ఆనించాలి. ఫోమ్ బోర్డు మీద మోకాళ్ల మీదుగా లేచే అలవాటు ఉంటే దాన్ని ఇప్పుడే వదిలించుకోవాలి, ఎందుకంటే ఇరుకైన బోర్డు మీద ఆ మధ్య దశకు చోటే లేదు. ఇసుకలో మీ బోర్డు ఆకారాన్ని, దాని మధ్యరేఖను గీసి, దాని మీద పడుకొని లేచి, పాదముద్రలు ఎక్కడ పడ్డాయో చూడండి. రెండు పాదాలూ మధ్యరేఖ మీదికి వచ్చేలా, వెనుక పాదం దాదాపు ఫిన్‌ల పైన ఉండేలా సరిచేసుకోవాలి. నీటిలో ఎవరూ చెప్పకుండా ఈ తప్పును కనిపెట్టడం కష్టం. ఇసుక మీద అది దానంతటదే కనిపిస్తుంది.

బోర్డు తిరగడం లేదు

వెనుక పాదం ఫిన్‌లకు ముందు ఎక్కడో ఉండిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చి, వెళ్లదలచిన వైపుకు ముందు చూపు, తర్వాత భుజం తిప్పండి. పాదంతో తొక్కడం అన్నిటికంటే చివర రావాలి.

లోపలికి వెళ్లేటప్పుడు నురుగు వెనక్కి నెట్టేస్తోంది

తేలికైన పొట్టి బోర్డుల మీద నిపుణులు అల కిందికి ముక్కును తొక్కి దాటడం చూసి అనుకరించబోతారు. నేర్చుకునేవారి బోర్డుకు వాటికంటే ఎక్కువగా ఉండే తేలే గుణం దాన్ని సాగనివ్వదు. నురుగు తాకే ముందు అంచులను గట్టిగా పట్టుకొని బోర్డుతో సహా బోర్లపడి, అల పైనుంచి దాటాక మళ్లీ తిరగాలి. వెనుక ఎవరైనా ఉన్నప్పుడు బోర్డును వదిలేసి ఈదడం ప్రమాదకరం.

బోర్డు రోజురోజుకూ బరువెక్కుతోంది

ఎక్కడో పెంకు పగిలి లోపలి ఫోమ్‌లోకి నీరు చేరుతోంది. సన్నని పగులును కూడా అలాగే వదిలేయకూడదు. వెంటనే నీటిలోంచి తీసి, పగులు కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి, పూర్తిగా ఆరిన తర్వాతే మరమ్మతు చేయాలి. మరమ్మతుకు ముందు లోపలి ఫోమ్ ఏదో తెలుసుకోవాలి: ఈపీఎస్ (థర్మోకోల్ లాంటి పాలిస్టైరీన్) ఫోమ్ ఉన్న బోర్డుకు పాలిస్టర్ రెజిన్ (ఆరి గట్టిపడే జిగురు) పూస్తే ఫోమ్ కరిగిపోతుంది. ఎపాక్సీ రెజిన్ ఈపీఎస్, పాలియురేథేన్ రెండు రకాల ఫోమ్‌లకూ పనికివస్తుంది కాబట్టి సందేహం ఉన్నప్పుడు అదే వాడాలి. ఎండలో మూసి ఉన్న కారులో బోర్డును వదిలేస్తే ఆ వేడికి పై పొర ఫోమ్ నుంచి బుడగలా విడిపోవచ్చు. అప్పుడు పగులు మీద పట్టీ వేసినంత మాత్రాన బాగుపడదు, విడిపోయిన భాగాన్ని కోసి మళ్లీ పొర వేయించాలి.